చిన్నయింటి కథలలో నిజమెంత?

బాల్యమున జదివిన గ్రంథము మనస్సునందు నాటుకొనినట్లు తరువాత జదివినదేదియు నాటుకొనదు. బాలుడు కథను జదువునపుడు "ఇది జరిగినదా? జరుగదగినదా?" యని యడుగడు. కథలోని కుటుంబముతో గూడ దానును భుజించును. ఆ చలిలో దానును వణకును. పెద్దవాడైన పిమ్మట నా గ్రంథమునే మరల జేపట్టినయెడల ప్రశ్నలు బయలుదేరును. ఆ ప్రశ్నలవలన బాల్యపు సంతోషము చెడునని కొందఱు భయపడుదురు. ఆ భయమునకు దగిన కారణము కలదో లేదో యొక యుదాహరణముచే బరిశీలింతము.

అమెరికా దేశపు రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ వ్రాసిన "లిటిల్ హౌస్" గ్రంథమాలను, అనగా చిన్నయింటి కథలను, ఆంగ్లము నేర్చిన బాలబాలికలు పెక్కుమంది యెఱుగుదురు. ఈమె 1867వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రములో పెపిన్ అను నూరి సమీపమున జన్మించెను. తన యఱువదియైదవ యేట, 1932లో, మొదటి గ్రంథమును బ్రకటించెను. 1943 నాటికి ఎనిమిది గ్రంథములు వెలువడినవి. తొంబది యేండ్లు నిండిన మూడవనాడు, 1957లో, ఆమె కాలధర్మము నొందెను. తండ్రి చార్లెస్, తల్లి కెరొలైన్, అక్క మేరీ, చెల్లెండ్రు కేరీ, గ్రేస్ - అందఱి పేళ్లును నిజమైన పేళ్లే. బండి గట్టుకొని యడవినుండి మైదానమునకును, మైదానమునుండి యేటిగట్టునకును, అటనుండి డకోటా బీళ్లకును సాగిన యా కుటుంబపు ప్రయాణమే కథ. పేళ్లు నిజమైనవగుటచే గథయు సర్వము నిజమేయని చదువరులు దలచుట సహజము.

ఈ గ్రంథములను బెద్దతనమున వరుసగా మరల జదివినవానికి దోచు విషయములలో, నిజమైనవానిని ముందుగా జెప్పుట న్యాయము. పనులను వర్ణించుటలో నీ గ్రంథములకు సాటియైనవి బాలసాహిత్యమున నరుదు. ఇనుపమేకు ఒక్కటియు లేకుండ గొయ్యచీలలతో దలుపును బిగించుట, తోలుముక్కలను మడతబందులుగా నమర్చుట, లేడిమాంసమును బొగలో నారబెట్టుట, మేపుల్ చెట్టు రసమును గాచి చక్కెర జేయుట, సీసమును గరగించి తుపాకిగుండ్లను బోతపోయుట - ఇవి యన్నియు జూచినవారు చెప్పినట్లున్నవి. చదివిన బాలుడు తానును జేయగలనని తలచును. ఇట్టి నమ్మకము కలిగించుట సామాన్యమైన పని గాదు.

ఆపదల వర్ణనమును జరిత్రకు విరుద్ధముగా లేదు. 1873 మొదలు కొన్నియేండ్లు మిన్నెసోటా ప్రాంతమున మిడుతల దండు పడి, కోతకు వచ్చిన గోధుమ పైరులను నేలమట్టముగా దినివేసెను. మిడుతలు మట్టిలో గ్రుడ్లు పెట్టుటయు, మఱుసటి యేడు పిల్లలు పుట్టి రెండవ పంటను సైతము నాశనము జేయుటయు గథలో జెప్పబడినట్లే జరిగినవి. రాకీ పర్వతపు మిడుతయను నా జాతి 1902 తరువాత సజీవముగా నెవరికిని గనబడలేదు. అట్లే 1880-81 నాటి దీర్ఘశీతకాలమును గల్పితము గాదు. అక్టోబరు నడుమనే మంచుతుపానులు మొదలయ్యెను. జనవరిలో నాగిన రైలుబండ్లు మేనెల వఱకు డి స్మెట్ అను చిన్న పట్టణమునకు రాలేదు. బొగ్గు లేక యెండుగడ్డిని బురిపెట్టి కట్టెలవలె గాల్చుటయు, పిండి లేక గోధుమలను గాఫీ మరలో విసరుకొని రొట్టె జేసికొనుటయు నా కాలపువారు నిజముగా బడిన పాట్లు.

ఇక నొక చిన్న విషయము మనవారికి విశేషముగా నాసక్తి గలిగించును. కాన్సాస్ మైదానములో నున్నపుడు కుటుంబమంతయు జలిజ్వరముచే మంచమెక్కెను. పుచ్చకాయలు దినుటచేతనే యీ జ్వరము వచ్చినదని పొరుగింటి యామె చెప్పెను. దోమల సంగతి యా దినములలో నెవరికిని దెలియదని రచయిత్రియే యక్కడ వివరించినది. మలేరియా సూక్ష్మజీవి దోమ కడుపులో నుండుటను రొనాల్డ్ రాస్ కనిపెట్టినది మన సికిందరాబాదులోనే, 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన. 1870 నాటి జ్వరమును 1897లో దెలిసిన జ్ఞానముతో 1935లో వ్రాసినదన్నమాట. దీనివలన మనకొక సూచన దొరకుచున్నది. కథ చూచునది చిన్నపిల్ల కన్నులతో. చెప్పునది మాత్రము జీవితమంతయు గడిపిన వృద్ధురాలు. ఏది చెప్పవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించినది ఆ వృద్ధురాలే.

ఇపుడు మార్పులను జూతము. కాన్సాస్ కథలో లారా యైదాఱేండ్ల బాలికవలె గనబడును. నిజమునకు 1869లో నచ్చటికి బోవునాటికి ఆమెకు రెండేండ్లు, 1871లో దిరిగి వచ్చునాటికి నాలుగు. కావున నా గ్రంథము చాలవఱకు దల్లిదండ్రులు చెప్పగా విన్నదే. కథలో జెల్లెలు కేరీ పసిబిడ్డయై బండిలో వచ్చును. నిజముగా నామె 1870 ఆగష్టులో నా మైదానముననే పుట్టినది. కథలో నా యిల్లు ఇండిపెండెన్స్ పట్టణమునకు నలువది మైళ్ల దూరము. నిజముగా బదునాలుగు మైళ్లకు మించదు. పిల్లల కెంతయో ప్రియమైన జాక్ అను కుక్క కథలో ముసలితనమున సుఖముగా నిద్రలో జనిపోవును. రచయిత్రి 1930లో వ్రాసిన "పయొనీర్ గర్ల్" అను స్వీయచరిత్రలోనో, తండ్రి గుఱ్ఱములను మార్పిడి జేసికొన్నపుడు జాక్‌ను వానితోడనే యిచ్చివేసెనని యున్నది. ఇట్టి మార్పులు కథకులకు జెల్లును. వీనివలన నెవరికిని నష్టము లేదు.

విడిచిపెట్టిన విషయములు వేఱు. 1875లో బుట్టిన తమ్ముడు ఫ్రెడీ తొమ్మిదినెలల వాడై మరణించెను. ఎనిమిది గ్రంథములలో నెచ్చటను వాని పేరు లేదు. 1876లో గుటుంబము అయోవా రాష్ట్రములోని బర్ ఓక్ అను నూరికి బోయి, ఒక హోటలులో బనిచేసి పొట్టబోసికొనెను. 1877లో నచటినుండి యప్పు తీర్చలేక రాత్రివేళ వెడలిపోయెను. ఆ రెండేండ్లును గ్రంథమాలలో మాయమైనవి. దీర్ఘశీతకాలమున నా యింట మఱియొక దంపతులును వారి పసిబిడ్డయు నుండిరి; కథలో వారును లేరు. అక్క మేరీ 1879లో గన్నులు గోల్పోయెను. కారణము స్కార్లెట్ జ్వరమని కథ. 2013లో వైద్యులు పాత పత్రములను బరిశోధించి, అది మెదడునకు సోకిన వేఱొక వ్యాధి యయి యుండునని నిర్ణయించిరి. అంధుల కళాశాలలో మేరీ చదువునకు గుటుంబము పైసపైస కూడబెట్టినట్లు కథ చెప్పును. బోధనరుసుము నిచ్చినది డకోటా ప్రభుత్వము.

ఈ విడిచివేతలన్నిటికిని ఒకటే దిక్కు కలదు. అప్పు, కూలి, పరుల సాయము, సర్కారు సొమ్ము - వీనిని దీసివేసినయెడల మిగులునది యెవరి సాయమును గోరక తన రెక్కల కష్టముతోనే నిలుచు కుటుంబము. ఈ గ్రంథములు వెలువడుచున్న కాలమున అమెరికా గొప్ప యార్థికమాంద్యములో జిక్కియుండెను. గ్రంథములను దిద్దుటలో రచయిత్రి కుమార్తె రోజ్ వైల్డర్ లేన్ చేయి పెద్దది. ఆమె ప్రభుత్వసాయమును గట్టిగా నిరసించిన రచయిత్రి. తల్లి, కుమార్తె కలసి యొక యాదర్శమును నిర్మించిరి. ఆదర్శము చెడ్డది గాదు. కాని పేదయైన పాఠకుడు దానిని జదివి, "వారెవరి సాయమును లేక బ్రదికిరి గదా, మేమేల బ్రదుకలేకున్నాము?" అని తన్ను దాను నిందించుకొనిన, ఆ నింద న్యాయము గాదు. వారును ఒంటరిగా బ్రదుకలేదు.

అన్నిటికంటె గొప్పదైన విడిచివేత ఆ నేలను గూర్చినది. కాన్సాస్‌లో ఇంగల్స్ కుటుంబము ఇల్లు గట్టుకొన్న స్థలము ఓసేజ్ అను నాదిమజాతివారి సొంత భూమి. అందు వలసవచ్చినవారు కాపురముండుటకు హక్కు లేదు. అయినను వేలకొలది జనులు చొరబడిరి. ఓసేజుల గుఱ్ఱములను అపహరించిరి. వారి సమాధులను సైతము ద్రవ్వి దోచిరి. ఆ సంగతులను వారిపై నియమింపబడిన ప్రభుత్వోద్యోగియే నివేదికలలో వ్రాసియున్నాడు. కథాంతమున, వలసవారిని దఱుముటకు సైనికులు వచ్చుచున్నారని విని, తండ్రి కోపముతో బండి గట్టును. జరిగినది దీనికి దలక్రిందు. 1870 జూలై 15 నాటి చట్టము వెడలగొట్టినది ఓసేజులను. ఆ భూమిని వలసవారికి ఎకరము 1 డాలరు 25 సెంట్ల చొప్పున నమ్మజూపెను. ఇంగల్స్ కుటుంబము మరలిపోవుటకు గారణము వేఱు: విస్కాన్సిన్‌లో వారి భూమిని గొన్నవాడు సొమ్ము చెల్లింపలేకపోయెను. కథలో నన్యాయము పొందినవారు ఇంగల్స్ వారు; చరిత్రలో నన్యాయము పొందినవారు ఓసేజులు.

ఐనను గ్రంథమున నొకచోట నిజము తల యెత్తినది. ఇది ఇండియనుల దేశము గదా, వారికి గోపము రాదా యని చిన్న లారా తండ్రి నడుగును. తండ్రి యిక ప్రశ్నలు వలదని, నిద్రపొమ్మని చెప్పి యా మాటను ద్రుంచివేయును. బాల్యమున జదువునపుడు మనమును లారాతో గూడ నిద్రపోవుదుము. పెద్దతనమున జదువునపుడు నిద్ర పట్టదు. గ్రంథములో గల ప్రశ్నలన్నిటిలో గొప్పది యదియే. దానికి గ్రంథమున నుత్తరము లేదు.

ఓసేజులు నశింపలేదు. తమ భూమి నమ్మగా వచ్చిన ధనముతోనే నేటి ఓక్లహోమాలో మఱియొక భూమిని గొనుక్కొని యచట స్థిరపడిరి. పహస్క పట్టణము వారి ముఖ్యస్థానము. కథలో నింటి ముందునుండి బారులు దీరి వెడలిపోయిన యా జనులకు మనుమలు, మునిమనుమలు కలరు. వారి పిల్లలును బడిలో నీ గ్రంథమునే చదువవలసి వచ్చిన సందర్భములను దలచుకొనినచో, "ఇది కథయే గదా" యని త్రోసివేయుట కష్టము. మైదానమున మనుష్యులు లేరు, ఇండియనులు మాత్రమే కలరను నర్థము వచ్చు వాక్యమొకటి 1935 నాటి ముద్రణములో నుండెను. ఒక పాఠకుని లేఖవలన రచయిత్రి సమ్మతితోనే 1953లో "మనుష్యులు" అను మాటకు బదులు "వలసవాసులు" అను మాట చేర్చబడినది. ఒక్క మాట మాఱుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘమువారు ఆమె పేరిట నిచ్చుచుండిన బాలసాహిత్య పురస్కారమునకు వేఱు పేరు పెట్టిరి. "పయొనీర్ గర్ల్" 2014లో వివరణములతో బ్రకటింపబడినందున, ఏది విడువబడినదో నేడెవరైనను బోల్చి చూచుకొనవచ్చును.

అట్లయిన నీ గ్రంథములను బిల్లలచేతి కీయవలెనా, వలదా? వీనిని దాచివేయవలెనని కొందఱందురు. పిల్లల పుస్తకమునకు నింత విచారణ యేలయని మఱికొందఱందురు. ఈ రెండును సోమరితనపు మార్గములు. దాచినయెడల గొయ్యచీలల తలుపును, గాఫీ మరలోని గోధుమలును బిల్లలకు దక్కవు. విచారింపనియెడల ఓసేజ్ బాలుడు వారికి మనుష్యుడుగా గనబడడు. కావున రెండుమార్లు చదువుటయే మంచిది: తల్లిదండ్రులు గాని యుపాధ్యాయులు గాని ప్రక్కన గూర్చుండి, మొదట గథకొఱకును, పిమ్మట గథ విడిచినదానికొఱకును. అట్లు చదివిన నీ వ్యాసమున మొదట జెప్పిన భయము నిలువదు. చెడునది సంతోషము గాదు, గ్రంథమంతయు నిజమేయను భ్రమ మాత్రమే.

విద్యార్థులారా! నిజమైన కథయని చెప్పబడు నే గ్రంథమునైనను జదువునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. దీనిని జెప్పినవారెవరు, జరిగిన యెన్నియేండ్లకు జెప్పిరి? వీరి సుఖమునకు గారకులై కథలో గనబడనివారెవరు? కథలోనే యెవరైనను వేసి, యుత్తరము పొందని ప్రశ్న యేది? ఈ సెలవులలో మీ యింటి పెద్దల నడిగి, వారి చిన్ననాటి సంగతులను వ్రాసికొనుడు. పంటను, పండుగను వారు దామే చెప్పుదురు. ఆ పంట పండించిన కూలివారి పేళ్లను, తీర్చలేకపోయిన యప్పులను, చిన్నతనమున బోయిన పిల్లల పేళ్లను మీరు వినయముతో నడిగి తెలిసికొనవలెను. వానికిగాను నోటుపుస్తకములో గొన్ని పుటలు ముందుగనే విడిచి యుంచుడు.