తొలినాటి డచ్చి ప్రాంతీయ పత్రికలు – స్థానిక అస్తిత్వం

వ్యాససంగ్రహం:
ప్రాంతీయ పత్రిక అంటే ప్రాంతీయ వార్తల పత్రిక అని భావించటం సహజం. 17, 18 శతాబ్దాల డచ్చి పత్రికలకు ఈ నిర్వచనం సరిపడదు. వాటి పేరులో ఊరు ఉంది. వార్తల్లో మాత్రం ఊరు దాదాపు కనిపించదు. అయినప్పటికీ అవి స్థానిక అస్తిత్వ నిర్మాణంలో పాలుపంచుకున్నాయి. అది ఏ విధంగా సాధ్యమైందో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డచ్చి పత్రికలు, ప్రాంతీయత, స్థానిక అస్తిత్వం, ప్రకటనలు, ఫ్రీస్లాండ్.

1. ఉపోద్ఘాతం:
డచ్చి భాషలో నేడు లభిస్తున్న తొలి ముద్రిత వార్తాపత్రిక 1618లో ఆంస్టర్‌డాం నగరం నుండి వెలువడింది. ఇటలీ, జర్మనీ తదితర దేశాల నుండి వచ్చిన వార్తలని దాని శీర్షికే ప్రకటించింది. 1656లో అబ్రహాం కస్తెలైన్ హార్లెం నగరంలో ఒక వారపత్రికను ప్రారంభించాడు. దాని తొలి పేరులో ఉన్నది 'యూరప్'. 1664 నుండి ఆ స్థానంలో 'హార్లెం' చేరింది; దానికి ముందు 'యథార్థమైన' అనే అర్థమిచ్చే విశేషణం నిలిచింది. లోపలి విషయం మారలేదు, పేరు మారింది. వార్త యూరప్‌ది, దాని విశ్వసనీయతకు పూచీ నగరానిది. పత్రికకూ స్థానికతకూ గల సంబంధం మొదట ఈ రూపంలో వ్యక్తమైంది.

18వ శతాబ్దంలో పత్రికలు హాలండ్ ప్రాంతాన్ని దాటి ఇతర ప్రాంతాల రాజధానుల్లోనూ నిలదొక్కుకున్నాయి. గ్రోనింగెన్‌లో 1743లో, ఫ్రీస్లాండ్ రాజధాని లేవార్డెన్‌లో 1752లో, జేలాండ్ రాజధాని మిడ్డెల్‌బుర్గ్‌లో 1758లో స్థాపితమైన పత్రికలు ఇందుకు ఉదాహరణలు.

2. స్థానిక వార్తల లేమి – కారణాలు:
ఈ పత్రికల్లో వార్తలు అవి బయలుదేరిన నగరం పేరు, తేదీల కింద వరుసగా ఉండేవి. వియన్నా, పారిస్, లండన్ వంటి పేర్లే ఎక్కువ. ఊరి వార్తలు లేకపోవటానికి రెండు కారణాలను ప్రధానంగా చెప్పవచ్చు.

మొదటిది సామాజికం. ఊరిలో జరిగినది సంతలో, చర్చి ముంగిట, పడవ ప్రయాణంలో నోటిమాటగా అందరికీ చేరేది. డబ్బిచ్చి కొనవలసినది దూరపు వార్త మాత్రమే.

రెండవది రాజకీయం. పత్రిక నడపటానికి స్థానిక పాలకుల అనుమతి అవసరమయ్యేది. ఒక నగరంలో ఒకే ప్రచురణకర్తకు ఆ హక్కునిచ్చే సనదు చాలాచోట్ల ఆచారం. హక్కునిచ్చిన చేతులే దానిని రద్దు చేయగలవు. కాబట్టి నగరపాలకుల వ్యవహారాల గురించి రాయకపోవటమే ప్రచురణకర్తకు క్షేమం. సనదు అతనికి పోటీ నుండి రక్షణ ఇచ్చింది; ప్రతిఫలంగా మౌనాన్ని కోరింది.

3. ప్రకటనల్లో కనిపించే ఊరు:
వార్తల్లో లేని ఊరు ప్రకటనల్లో ఉంది. 1620ల నుండి పుస్తక విక్రేతల ప్రకటనలు డచ్చి పత్రికల్లో కనిపిస్తాయి. క్రమంగా ఇళ్లు, పొలాలు, ఓడల వేలాలు, పోయిన వస్తువులు, తప్పిపోయిన మనుషులు, దొంగతనాలు, వైద్యుల మందులు, పాలకుల ఉత్తర్వులు వీటిలో చోటుచేసుకున్నాయి. 18వ శతాబ్దం చివర కుటుంబాలు జనన మరణాలను కూడా పత్రికల ద్వారా తెలియజేయసాగాయి.

బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో ప్రకటించిన 'ఊహాత్మక సమాజాలు' సిద్ధాంతం ప్రకారం, ఒకే పత్రికను ఒకే సమయంలో చదివే అపరిచితులు తమను ఒక జాతిగా ఊహించుకుంటారు. ప్రకటనల పుట ఈ సిద్ధాంతానికి ఒక సవరణను సూచిస్తుంది. పక్క ఊరిలోని వేలానికి పాఠకుడు స్వయంగా వెళ్లగలడు. మరణించిన వ్యక్తి కుటుంబాన్ని ఎరిగి ఉండవచ్చు. ఇక్కడి సమాజం పూర్తిగా ఊహాత్మకం కాదు. ప్రకటన ఎంత దూరం వరకు ఉపయోగపడుతుందో అంతవరకు ప్రాంతానికి ఒక ఆచరణాత్మకమైన సరిహద్దు ఏర్పడుతుంది.

4. ఫ్రీస్లాండ్ – ఒక పరిశీలన:
ఫ్రీస్లాండ్‌కు సొంత భాష, సొంత చట్టసభ ఉండేవి. 1747లో నాలుగవ విలియం డచ్చి గణతంత్రంలోని అన్ని ప్రాంతాలకు అధిపతి కావటంతో అతని ఆస్థానం లేవార్డెన్‌ను విడిచి హేగ్‌కు తరలిపోయింది. ఐదేళ్ల తరువాత, 1752 జులై 29న, పుస్తక విక్రేత అబ్రహాం ఫెర్వెర్దా 'లేవార్డర్ కూరాంట్' తొలి సంచికను వెలువరించాడు. అది నేటికీ వెలువడుతున్నది.

అయితే ఈ పత్రిక భాష ఫ్రీసియన్ కాదు, డచ్చి. ప్రాంతీయ అస్తిత్వం తప్పనిసరిగా ప్రాంతీయ భాషలోనే వ్యక్తమవుతుందనే అభిప్రాయాన్ని ఇది పునరాలోచింపజేస్తుంది. ప్రాంతానికి ఒక వేదికను ఇచ్చిన పత్రికే, ఆ ప్రాంత ప్రజల మాతృభాషను అచ్చుకు వెలుపల నిలిపింది.

ఈ వైరుధ్యం చాలాకాలం కొనసాగింది. 20వ శతాబ్దంలో న్యాయస్థానంలో ఫ్రీసియన్ భాషను నిరాకరించిన న్యాయమూర్తిని విమర్శించినందుకు కవి, ప్రాంతీయ పత్రికా సంపాదకుడు ఫెడ్డె స్కూరర్ విచారణను ఎదుర్కొన్నాడు. 1951 నవంబర్ 16న విచారణ జరుగుతుండగా లేవార్డెన్‌లో గుమిగూడిన ప్రజలపై పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఆ రోజు 'లాఠీల శుక్రవారం'గా చరిత్రకెక్కింది. 1956లో చట్టం న్యాయస్థానంలో ఫ్రీసియన్ వాడకానికి అవకాశం కల్పించింది.

5. పాలన మార్పులు – పత్రికలు:
1798 రాజ్యాంగం పాత ప్రాంతాల సరిహద్దులను చెరిపి కొత్త విభాగాలను ఏర్పరచింది. 1810లో దేశం ఫ్రెంచి సామ్రాజ్యంలో విలీనమైన తరువాత పత్రికలు ఫ్రెంచి, డచ్చి భాషల్లో పక్కపక్కన అచ్చుకావలసి వచ్చింది. 1813లో ఆ పాలన అంతమైంది. పత్రికలపై స్టాంపు పన్ను మాత్రం 1869 వరకు కొనసాగింది. దాని రద్దుతో ధరలు తగ్గి, చిన్న పట్టణాల్లోనూ పత్రికలు విస్తరించాయి.

6. ముగింపు:
నేడు డచ్చి జాతీయ గ్రంథాలయం నిర్వహిస్తున్న 'డెల్ఫర్' వేదికలో 1618 నుండి వెలువడిన పత్రికలు విస్తారంగా అందుబాటులో ఉన్నాయి. కోరమండల్ తీరంలో, మచిలీపట్నంలో డచ్చివారి వర్తకాన్ని పరిశోధించేవారికి కూడా ఇవి ఉపయోగపడతాయి. తూర్పు దేశాల నుండి తిరిగివచ్చిన ఓడల సరుకుల పట్టికలను ఆనాటి పత్రికలు ప్రచురించేవి. అయితే పాత గోథిక్ అచ్చును యంత్రం తరచు తప్పుగా చదువుతుంది. కేవలం పదశోధనపై ఆధారపడితే ఉన్న సమాచారం కూడా లేనట్లే కనిపిస్తుంది.

స్థానిక వార్తలు లేవన్న కారణంతో ఈ పత్రికల్లో స్థానికత లేదని నిర్ణయించటం పొరపాటు. సంపాదకుడు రాయలేని ఊరిని పాఠకులు తమ ప్రకటనల ద్వారా రాసుకున్నారు. కాబట్టి ప్రాంతీయ పత్రికా చరిత్రను మొదటి పుట నుండి కాక, చివరి పుట నుండి చదవటం అవసరం.