ఏ గనిలో పుట్టిందో చెప్పే బ్యాటరీ

వోల్వో ఈఎక్స్90 విద్యుత్ కారు డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి అంచున ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే బ్యాటరీ పుట్టుపూర్వోత్తరాలు ఫోన్‌లో ప్రత్యక్షమవుతాయి. ముడిసరుకు ఎక్కడిది, అందులో రీసైకిల్ చేసినదెంత, తయారీకి వెలువడిన కర్బనమెంత, అన్నీ. 2024లో వచ్చిన ఈ ‘బ్యాటరీ పాస్‌పోర్ట్’ ప్రపంచంలోనే మొదటిది. కంపెనీకి కారుకు 10 డాలర్ల దాకా ఖర్చు.

లాభం లేనిదే కార్ల కంపెనీ పైసా తీయదు. మరి ఇదెందుకు?

బ్యాటరీల్లో వాడే లోహం కోబాల్ట్. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సుమారు 70 శాతం కాంగోది. అందులో కొంత, పలుగూ పారా పట్టిన పేదలు తవ్వేది. అక్కడ పిల్లల చేత చాకిరీ చేయిస్తున్నారని 2016లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టి, మీ కోబాల్ట్ ఎక్కడిదని పెద్ద పెద్ద కంపెనీలను నిలదీసింది. చాలామంది నీళ్లు నమిలారు. నిజంగానే తెలియదు మరి! తవ్విన ఖనిజం దళారులకు, వాళ్ల నుంచి చైనా శుద్ధి కర్మాగారాలకు చేరుతుంది. మంచీ చెడూ అక్కడ కలిసిపోతాయి. ఎవరి లెక్కలు వాళ్లవే, ఒకరి కాగితాన్ని మరొకరు నమ్మరు.

ఇలాంటి చోటే బ్లాక్‌చెయిన్‌కు పని. అది ఒకే ప్రతి అందరి దగ్గరా ఉండే ఉమ్మడి చిట్టా. రాసినదాన్ని మిగతావాళ్ల కన్నుగప్పి దిద్దడం దాదాపు అసాధ్యం. చైనా సీఏటీఎల్, కొరియా ఎల్‌జీ కెమ్‌ల నుంచి కొనే బ్యాటరీల్లోని కోబాల్ట్ జాడను ఇలా నమోదు చేయిస్తామని వోల్వో 2019లోనే ప్రకటించింది. పుట్టిన చోటు, బరువు, చేతులు మారిన తీరు అన్నీ చిట్టాకెక్కుతాయి. శుద్ధి కర్మాగారంలోకి వెళ్లినదానికన్నా ఎక్కువ బయటికొస్తే, మధ్యలో ఎవరో సరుకు కలిపినట్టే.

అయితే గని దగ్గరే బస్తాకు తప్పుడు చీటీ కడితే, ఆ అబద్ధమూ అంతే భద్రంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ ముక్క కాస్త గొంతు తగ్గించి చెబుతారు. గని దాకా వెళ్లే తనిఖీదారు లేకుండా ఈ చిట్టాకు విలువ లేదు.

తిండి సరుకుల్లోనైతే బ్లాక్‌చెయిన్ అసలు ఆకర్షణ వేగం. కోసిన మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోటదో కనుక్కోవడానికి వాల్‌మార్ట్‌కు 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. బ్లాక్‌చెయిన్ ప్రయోగంలో 2.2 సెకన్లు. ఆ తర్వాత 2018లో ఆకుకూరలు సరఫరా చేసేవాళ్లను కూడా ఇందులో చేరమంది. అంత పెద్ద కొనుగోలుదారు అడిగితే కాదనేదెవరు?

అడిగే హక్కు లేనిచోట కథ అడ్డం తిరిగింది. ఓడల దిగ్గజం మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో పెట్టిన ‘ట్రేడ్‌లెన్స్’ అనే బ్లాక్‌చెయిన్ చిట్టా మూతపడుతున్నట్టు నాలుగేళ్లకే ప్రకటన వెలువడింది. పరిశ్రమంతా కలిసిరాలేదన్నది మెర్స్క్ చెప్పిన కారణం. పోటీదారు నడిపే చిట్టాలో తన వ్యాపారం రాసుకోవడానికి ఎవరికైనా మనసొప్పుతుందా?

తయారీదారులను కదిలించేది కొనేవాడు, లేదంటే చట్టం. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే విద్యుత్ కార్ల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి. బ్లాక్‌చెయినే వాడాలని ఆ చట్టంలో లేదు. అక్కడ అమ్మదలచిన భారతీయ కంపెనీలకూ ఇదే నిబంధన వర్తిస్తుంది.