మీకు తెలుసా? బూట్ మెనూలో మీ కీబోర్డు చచ్చిపోలేదు!

కంప్యూటర్ ఆన్ చేశారు. నల్లటి తెర మీద మెనూ వచ్చింది. పైన లినక్స్, కింద విండోస్. కింది బాణం నొక్కారు. కదల్లేదు! మళ్లీ నొక్కారు. ఊహూఁ! ఇక కీబోర్డు పోయిందని కొత్తది కొనడానికి బయల్దేరతారు చాలామంది. ఆగండి! ఆ క్షణానికి లినక్సూ లేవలేదు, విండోసూ లేవలేదు. మీరు నొక్కిన మీట వినేవాళ్లే ఇంకా నిద్రలో ఉన్నారన్నమాట! పాత పద్ధతి డిస్కుల్లో ఈ మెనూను తెచ్చే మొదటి ముక్కకు దొరికే చోటెంతో తెలుసా? 446 బైట్లు! అందులో కీబోర్డు డ్రైవరుకు చోటెక్కడిది! మదర్‌బోర్డు ఏది వినిపిస్తే మెనూకి అదే వినిపిస్తుంది.

తమిళనాడులోని పీలమేడు పిల్లలూ, ఇది మీ ఊరికి దూరపు కబురేమీ కాదు! 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి ఏడాదికి ఆ ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ పిలిచిన టెండరు ఎన్నింటికో ఊహించండి. 9.12 లక్షలకు! వాటిలో విండోస్ పక్కనే చెన్నై సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా! ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే పిల్లలు మూత తెరవగానే ఎదురయ్యేది ఈ రెండు దారుల మెనూనే! ‘మా వాడు ఏదో నొక్కేశాడు, కంప్యూటర్ ఆగిపోయింది’ అని కంగారుపడిన అమ్మానాన్నలకు ఈ నాలుగు ముక్కలు అప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ముందు ఒక చిన్న పరీక్ష! మెనూ తెర మీద ఉండగానే నమ్ లాక్ నొక్కండి. దీపం ఆరి, వెలిగిందా? చాలా మిషన్లలో దానర్థం ఒక్కటే: మదర్‌బోర్డు మీ కీబోర్డును వింటోంది! దీపం చలించలేదా? అయితే మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి ‘లెగసీ యూఎస్‌బీ సపోర్ట్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది చేసే పని వింటే ముక్కున వేలేసుకుంటారు. మీ యూఎస్‌బీ కీబోర్డును పాత గుండ్రటి పిన్ను కీబోర్డని మెనూకు నమ్మబలుకుతుంది! ఆ గుండ్రటి పిన్ను ఐబీఎం తెచ్చింది ఎప్పుడనుకున్నారు? 1987లో!

యూఎస్‌బీ సపోర్ట్ ఆన్ చేద్దామంటే బయోస్‌లోనూ కీబోర్డు పనిచేయడం లేదా? ఎవరి దగ్గరైనా ఆ గుండ్రటి పిన్ను కీబోర్డు ఉంటే ఒక్క పూటకు అడిగి తెచ్చుకోండి! మదర్‌బోర్డు వెనక ఊదారంగు కన్నం ఉంటే అందులో గుచ్చండి. లోపల 6 పిన్నులే! కానీ కంప్యూటర్ ఆపేశాకే గుచ్చాలి. నడుస్తుండగా పెట్టడానికి చేసింది కాదది.

ఇంకో గుట్టు! సీపీయూ వెనక్కి వంగి చూడండి. కొన్ని యూఎస్‌బీ కన్నాల్లో నాలుక నీలంగా ఉంటుంది, కొన్నింటిలో నల్లగా. నీలం వేగమైనది, లోపల 9 పిన్నులు! అయినా మెనూ దగ్గర గెలిచేది చాలాసార్లు నల్లదే! పాత బయోస్‌కు నీలం కన్నంతో మాట్లాడటం రాకపోవచ్చు మరి. కీబోర్డు తీసి నల్ల కన్నంలో పెట్టండి. మధ్యలో హబ్బు ఉంటే దాన్నీ తీసేయండి. పైసా ఖర్చు లేని వైద్యం! నన్నడిగితే అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే.

రంగురంగుల దీపాల గేమింగ్ కీబోర్డు కొన్నారా? ఖరీదు ఎక్కువే, మెనూలో మాత్రం మూగది కావచ్చు! బయోస్‌కు అర్థమయ్యే సాదా పద్ధతిలో ఒకేసారి చెప్పగలిగేది 6 మీటలే! ఎన్ని మీటలు నొక్కినా అన్నీ పంపుతానని గేమింగ్ కీబోర్డు పట్టుబడితే బయోస్ తెల్లమొహం వేస్తుంది. కొన్నిటికి వెనక చిన్న స్విచ్చి ఉంటుంది. దాన్ని బయోస్ వైపు జరిపితే చాలు, మాట వచ్చేస్తుంది!

వైర్లు లేని కీబోర్డుల సంగతి మరీ వింత! బ్లూటూత్‌దీ, చిన్న డాంగిల్‌తో వచ్చేదీ రెండూ గాలిలో వాడుకునేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలనే! అయినా డాంగిల్‌ది మెనూలో పలుకుతుంది, బ్లూటూత్‌ది సాధారణంగా పలకదు. ఎందుకంటే బ్లూటూత్ జత కలిపేది లినక్సో విండోసో. డాంగిల్ మాత్రం మామూలు యూఎస్‌బీ కీబోర్డునే నేనని చెప్పుకుంటుంది!

షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే కీబోర్డు పనిచేయదు. రీస్టార్ట్ కొడితే పనిచేస్తుంది! ఈ తమాషా మీకు ఎదురైతే అనుమానం విండోస్ 8తో 2012లో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ మీద పెట్టుకోండి. షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా పడుకోదు, సగం మేలుకునే ఉంటుంది! తొందరగా లేవాలన్న ఆత్రంలో కొన్ని మదర్‌బోర్డులు యూఎస్‌బీని పలకరించడమే మానేస్తాయి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. అప్పుడు నిజంగా ఆగుతుంది! బయోస్‌లో ‘ఫాస్ట్ బూట్’ ఉంటే దాన్నీ ఆపేయండి.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ లేదు. గడియారం కూడా పాత తేదీ చూపిస్తోంది. దొంగ దొరికాడు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోయింది. మీరు చేత్తో పెట్టిన బయోస్ సెట్టింగులన్నీ దానితోపాటే పోయాయి! దాని పేరు సీఆర్2032. ఆ అంకెలోనే కొలత దాగుంది! వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2. కరెంటు ప్లగ్గు తీసేసి, పక్కనున్న చిన్న కొక్కేన్ని గోటితో నొక్కితే బిళ్ల టక్కున లేస్తుంది. వాచీల కొట్లో దొరుకుతుంది.

బాణం మీటలే అరిగిపోయాయా? పర్వాలేదు! ఈ మెనూను చూపించే లినక్స్ ప్రోగ్రాం పేరు గ్రబ్. అందులో కంట్రోల్ పట్టుకుని ఎన్ నొక్కండి, ఒక వరుస కిందికి! పీ నొక్కండి, పైకి! ఈ అలవాటు 1976లో పుట్టిన ఈమాక్స్ ఎడిటర్‌ది. ఇంకా నడుస్తోంది చూడండి!

కీబోర్డు లేవడానికి రెండు మూడు సెకన్లు పట్టిందనుకోండి. గ్రబ్ మామూలుగా ఆగేది 5 సెకన్లే! మీరు కళ్లు నులుముకునేలోపు బస్సు వెళ్లిపోతుంది. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో టైమౌట్ పెంచి, అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. మైనస్ 1 మాత్రం పెట్టకండి! పెడితే మీట నొక్కేదాకా మెనూ ఎంతసేపైనా అలాగే నిలబడుతుంది. కీబోర్డు పలకని ఇంట్లో ఇంక విండోసూ రాదు, లినక్సూ రాదు!

ఎవరూ ముట్టుకోకుండానే మెనూలో సెకన్ల లెక్క ఆగిపోతోందా? పీక్ పీక్‌మని శబ్దం కూడా వస్తోందా? ఏదో మీట కిందికి నొక్కుకుని ఇరుక్కుపోయింది! పాత బయోస్ దాచుకోగలిగేది 15 మీటల్నే! ఆ పైన వచ్చినదానికల్లా అరుస్తుంది. కీబోర్డు బోర్లించి తట్టండి. బిస్కట్ పొడి రాలితే ఆశ్చర్యపోకండి!

మెనూలో కీబోర్డు ఎంతకీ పలకకపోయినా విండోస్‌కు వెళ్లొచ్చు, తెలుసా! లినక్స్ దానంతటదే లేచాక కీబోర్డు హాయిగా పనిచేస్తుంది కదా. టెర్మినల్‌లో గ్రబ్-రీబూట్ అని కొట్టి వరుస నంబరు ఇవ్వండి. తర్వాతి ఒక్కసారికి మెనూ ఆ వరుసనే ఎంచుకుంటుంది! కానీ జాగ్రత్త, లెక్క 0 నుంచి మొదలు! మూడో వరుసలో విండోస్ ఉంటే 2 అని ఇవ్వాలి. ఇదంతా జరగాలంటే సెట్టింగుల్లో గ్రబ్ డిఫాల్ట్ ఎదురుగా ‘సేవ్డ్’ అని ఉండాలి.

ఆఖరిది మరీ రహస్యం! గ్రబ్‌కు పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు చెవులు రిక్కించండి. యూజర్ నేమ్ అడిగినచోట బ్యాక్‌స్పేస్‌ను 28 సార్లు నొక్కితే తాళం దానంతటదే ఊడిపోయేది! స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. అప్పటికి ఆరేళ్లుగా ఆ కన్నం తెరిచే ఉంది! ప్యాచ్ వెంటనే వచ్చింది. అటక మీది పాత ల్యాప్‌టాప్‌ను మళ్లీ కిందికి దించితే ముందు అప్‌డేట్ కొట్టండి, తర్వాతే పాస్‌వర్డ్ పెట్టుకోండి!