దీవుల కంచంలో బరువెక్కడుంది?

అండమాన్ నికోబార్ దీవుల్లో 15 నుంచి 49 ఏళ్ల లోపు మగవాళ్లలో నూటికి 45 మంది, ఆడవాళ్లలో 38 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. ఇది 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క. దేశం మొత్తమ్మీద చూస్తే మగవాళ్లలో 23, ఆడవాళ్లలో 24 దగ్గరే ఆగింది. మగవాళ్ల స్థూలకాయంలో దేశంలోకెల్లా ముందున్నది ఈ దీవులే.

చుట్టూ సముద్రం, తాజా చేపకు కొదవ లేదు. అలాంటి చోట ఇంత బరువేమిటి? కారణం ఒక్కటే అనలేం గానీ, తప్పు చేపది మాత్రం కాదు. దాని పక్కన పోగుపడే అన్నాన్ని, దాన్ని వేయించే నూనెను, ఓడల్లో దిగే తీపి పొట్లాలను ముందు చూడాలి.

2011 జనగణన ప్రకారం దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసవచ్చిన మత్స్యకార కుటుంబాలవాళ్లు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వైపు వెళితే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరం పాత తిండి చోడి అంబలి, తరవాణి, చద్దన్నం, చేపల పులుసు. తెడ్డు వేసి, వల లాగే ఒంటికి గంపెడు అన్నం కూడా అరిగిపోయేది. ఇప్పుడు పడవకు మోటారు వచ్చింది, వాళ్ల పిల్లలు ఆఫీసుల్లో, దుకాణాల్లో కూర్చుని పనిచేస్తున్నారు. కష్టం తగ్గినంతగా అన్నం తగ్గలేదు.

కూరగాయల కథ వేరు. దీవులకూ చెన్నై, విశాఖ, కోల్‌కతా రేవులకూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం. ఓడ ఆలస్యమైతే కూరగాయ వాడిపోతుంది, ధర పెరుగుతుంది. బియ్యం, మైదా, చక్కెర, బిస్కెట్లకు ఆ బెంగ లేదు. అందుకే కంచంలో ముందు తగ్గేది కూరే. కానీ ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. తోటకూర, బచ్చలి, మునగాకు, ఆనప, బొప్పాయి పెరట్లోనే వస్తాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్కడి వాతావరణానికి నప్పే ఆకుకూరల మీద పనిచేస్తోంది కూడా. బరువు తగ్గాలనుకునే దీవివాసికి ఓడలో వచ్చే ఖరీదైన డైట్ పొడి కన్నా ఇంటెనక బచ్చలి పాదే మేలు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రెండు వేల కేలరీల దినభోజనంలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. అదీ వండకముందు తూకం. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. మన ఇళ్లలో జరిగేది దాదాపు దీనికి తలకిందులు.

ఆ 27 గ్రాములంటే రెండు పెద్ద చెంచాలు. ఒక్కో చెంచాలో సుమారు 120 కేలరీలు. కారం పట్టించిన వంజరం ముక్కలను నూనెలో ముంచి తీస్తే ఆ రోజు వాటా ఒక్క పూటలోనే అయిపోతుంది. పులుసులోనూ నూనె తేలాలనే పట్టింపు ఉంటే ఫలితం పెద్దగా మారదు. కవ్వళ్లు, కానాగంతలు వంద గ్రాములు తింటే ఇంచుమించు 20 గ్రాముల మాంసకృత్తులు, గుండెకు మేలు చేసే ఒమేగా కొవ్వులు అందుతాయి. మాంసకృత్తులు కడుపును ఎక్కువసేపు నిండుగా ఉంచుతాయి, కాబట్టి అన్నం తగ్గించినా త్వరగా ఆకలి వేయదు. పులుసు పెట్టండి, పెనం మీద కొద్ది నూనెతో కాల్చండి. ఎండుచేప మాత్రం ఉప్పుమయం, రోజుకు ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు.

కొబ్బరి నీళ్లు తేలికే. కొబ్బరి మాత్రం వంద గ్రాములకు సుమారు 350 కేలరీలు ఇస్తుంది. చట్నీకి సరే, ప్రతి కూరలోనూ గుప్పెళ్లకొద్దీ అక్కర్లేదు.

నికోబార్ దీవుల ఆదివాసులైన నికోబారీల అనుభవం ఇంకా బాధాకరం. కేతకి జాతి చెట్ల పండ్లు, కొబ్బరి, దుంపలు, చేప, పందిమాంసం వాళ్ల సంప్రదాయ ఆహారం. 2004 డిసెంబరు 26 సునామీలో కొబ్బరి తోటలు, పందుల మందలు పోయాయి. సహాయంగా వచ్చిన బియ్యం, చక్కెరలతో దుకాణపు తిండి దగ్గరైంది. తిండి మార్పు ఎప్పుడూ మనిషి బద్ధకం వల్లే రాదని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమమని అదే పోషకాహార సంస్థ అంటోంది. రోజుకు వెయ్యి కేలరీల కన్నా తక్కువ తినే పస్తుల జోలికి పోవద్దనీ హెచ్చరిస్తోంది. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా భోజనం కోయకూడదు. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే మాత్రం జాగు చేయవద్దు. రేపు మధ్యాహ్నం కంచంలో ముందు సగం కూర, ఆకుకూర, ఆ పక్కన చేప పెట్టుకోండి. మిగిలిన చోటికి సరిపడా మాత్రమే అన్నం వడ్డించుకోండి.