ఆడకుండా వదిలిన ఫైనల్

టెన్నిస్ ఆటగాడు ఏడాది పొడవునా తన కోసమే ఆడతాడు. గెలిస్తే బహుమతి అతనిది, ఓడితే ఓటమీ అతనిదే. డేవిస్ కప్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. అక్కడ అంపైరు స్కోరు చెప్పేటప్పుడు ఆటగాడి పేరు చెప్పడు, దేశం పేరు చెబుతాడు. 1900లో డ్వైట్ డేవిస్ అనే అమెరికన్ యువకుడు ఇచ్చిన వెండి పాత్ర కోసం అమెరికా, బ్రిటన్ జట్లు తలపడ్డాయి. పురుషుల జట్ల పోటీ అలా మొదలైంది. మన దేశం 1921లో తొలిసారి బరిలోకి దిగింది.

ఈ పోటీలో మన దేశం మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్ళింది: 1966, 1974, 1987. మొదటిసారి ఆస్ట్రేలియా చేతిలో, మూడోసారి స్వీడన్ చేతిలో ఓడిపోయాం. మధ్యలో వచ్చిన 1974 ఫైనల్‌లో మనం ఓడలేదు, గెలవలేదు, అసలు ఆడలేదు. మేము చెప్పాలనుకున్నది ఆ ఏడాది సంగతే.

ముందు ఆట పద్ధతి తెలియాలి. అప్పట్లో రెండు దేశాల మధ్య పోటీ మూడు రోజులు సాగేది. మొదటి రోజు రెండు సింగిల్స్, రెండో రోజు డబుల్స్, మూడో రోజు ప్రత్యర్థులను మార్చి మళ్ళీ రెండు సింగిల్స్. ఐదింట్లో మూడు గెలిచిన జట్టుదే విజయం. టై బ్రేక్ లేదు. 6-6 దగ్గర ఆగడమంటూ ఉండదు, ఎవరో ఒకరు రెండు గేముల ఆధిక్యం సాధించేదాకా ఆడుతూనే ఉండాలి.

1974 మే నెలలో కలకత్తాకు ఆస్ట్రేలియా వచ్చింది. అంతకు ముందు ఏడాది కప్పు గెలిచిన దేశం అది. అయితే ఈసారి లేవర్, న్యూకోంబ్ వంటి దిగ్గజాలు జట్టులో లేరు. అంతమాత్రాన తేలిగ్గా లొంగే జట్టేమీ కాదు. మే నెల ఎండలో, పచ్చిక కోర్టు మీద మొదటి రోజు విజయ్ అమృతరాజ్ జాన్ అలెగ్జాండర్ చేతిలో ఓడిపోయాడు. జస్జిత్ సింగ్ బాబ్ గిల్టినన్‌ను 11-9, 9-11, 12-10, 8-6తో ఓడించి లెక్క సరిచేశాడు. ఇక డబుల్స్. అన్నదమ్ములు ఆనంద్, విజయ్ ఒకవైపు, అలెగ్జాండర్, డిబ్లీ మరోవైపు. స్కోరు చూడండి: 17-15, 6-8, 6-3, 16-18, 6-4. ఒక్క మ్యాచ్‌లో 99 గేములు! చివరి రోజు సింగిల్స్‌లో చెరొకటి గెలవడంతో 3-2తో విజయం మనదైంది. ఐదు మ్యాచ్‌లూ కలిపితే 327 గేములు. డేవిస్ కప్ చరిత్రలో ఒక పోటీలో ఆడిన అత్యధిక గేములు ఇవే. 1989లో టై బ్రేక్ వచ్చాక ఈ రికార్డును దాటే దారి దాదాపు మూసుకుపోయింది.

ఆ తర్వాత పూనాలో సోవియట్ యూనియన్‌ను 3-1తో ఓడించి మన జట్టు ఫైనల్ చేరింది. ఎదురుగా ఉన్నది దక్షిణాఫ్రికా.

చిక్కు అక్కడే వచ్చింది. దక్షిణాఫ్రికాలో అప్పుడు వర్ణవివక్షే చట్టం. మనిషి ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో, ఏ బడిలో చదవాలో, ఏ బల్ల మీద కూర్చోవాలో ఒంటి రంగు చూసి నిర్ణయించేవారు. ఇది మనకు దూరపు సంగతి కాదు. 1860 నుంచి నాటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన భారతీయుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. గాంధీజీ పోరాటం మొదలుపెట్టింది ఆ నేల మీదే. 1946లోనే మన దేశం దక్షిణాఫ్రికాతో వర్తకం మానేసింది. వర్తకమే వద్దనుకున్నవాళ్ళు ఆట మాత్రం ఎలా ఆడతారు?

ఫైనల్ ఆడకూడదని మన ప్రభుత్వం, టెన్నిస్ సంఘం నిర్ణయించాయి. కప్పు దక్షిణాఫ్రికాకు వెళ్ళిపోయింది. అప్పటిదాకా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ తప్ప మరో దేశం దాన్ని గెలవలేదు. ఐదో పేరు మనదయ్యే అవకాశం ఉండింది.

ఆ నిర్ణయం సరైనదేనని మేము నమ్ముతున్నాం. అయితే ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది దేశం చేసిన త్యాగం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది మాకు రుచించదు. ఎండలో 99 గేములు ఆడింది దేశం కాదు, ఇద్దరు అన్నదమ్ములు. విజయ్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. మళ్ళీ ఫైనల్ ఆడటానికి అతను పదమూడేళ్ళు ఆగాల్సి వచ్చింది. 1987లో స్వీడన్ ముందు నిలిచేసరికి అతని వయసు ముప్పై నాలుగు. ఆ ఫైనల్‌లో మనకు ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. అయినా 1974 నిర్ణయం న్యాయమైనదేనని విజయ్ తర్వాత చాలాసార్లు అన్నాడు.

మా నోయిడా నుంచి యమున దాటి దక్షిణ ఢిల్లీకి వెళితే ఆర్.కె. ఖన్నా టెన్నిస్ స్టేడియం కనిపిస్తుంది. 1974లో మన టెన్నిస్ సంఘాన్ని నడిపించిన ప్రముఖుల్లో ఖన్నా ఒకరు. స్టేడియం ఉన్న రోడ్డు పేరు ఆఫ్రికా అవెన్యూ! ఈ కథ కోసం పెట్టిన పేరు కాదు, కానీ భలే కుదిరింది. 2016 సెప్టెంబరులో స్పెయిన్ జట్టు వచ్చింది ఇక్కడికే. లియాండర్ పేస్‌తో జతకట్టి నడాల్ జోడీని ఎదిరించినవాడు మన సాకేత్ మైనేని, కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టినవాడు. తొలి సెట్ మనవాళ్ళదే, మ్యాచ్ మాత్రం వాళ్ళకు పోయింది.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలు పోయాయి. 1994లో అందరూ ఓటు వేశారు. 2009 సెప్టెంబరులో ప్రపంచ గ్రూపులో చోటు కోసం మన జట్టు జొహానెస్‌బర్గ్ వెళ్ళింది. కోర్టు పక్కన కెప్టెన్ కుర్చీలో హైదరాబాదీ ఎస్.పి. మిశ్రా కూర్చున్నారు. దక్షిణాఫ్రికాతో ఈసారి ఆడాం. 4-1తో గెలిచాం.