విమానం కన్న చక్రాల పెట్టె

విమానంలోకి వెంట లాక్కెళ్లే ట్రాలీ బ్యాగుకి ఈనాటి రూపం ఇచ్చింది విమానం నడిపే మనిషి. రాబర్ట్ ప్లాత్ అమెరికాలోని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో బోయింగ్ 747 పైలట్. 1987లో ఆయన ఒక పెట్టెను నిలువుగా నిలబెట్టి, అడుగున ఒక అంచుకి రెండు చక్రాలు బిగించాడు. పైన, అవసరం తీరాక లోపలికి దూరిపోయే పొడవాటి హ్యాండిల్ పెట్టాడు. వెనక్కి ఒరగేసి నడిస్తే బరువులో పెద్ద భాగం చక్రాలు మోస్తాయి, చేతికి వచ్చేది కొద్దే. మొదట కొన్నది తోటి పైలట్లు, ఎయిర్‌హోస్టెస్‌లు. యూనిఫాంలో ఉన్న వాళ్లు దాన్ని లాక్కుంటూ చకచకా నడిచిపోతుంటే, భుజాలు గుంజే సంచులతో పక్కన నడుస్తున్న ప్రయాణికులు చూశారు. అంతకు మించిన ప్రకటన ఏం కావాలి? ప్లాత్ పెట్టిన ట్రావెల్‌ప్రో కంపెనీ అలా నిలదొక్కుకుంది.

చక్రాల సూట్‌కేసు అంతకు 17 ఏళ్ల ముందే ఉంది. బెర్నార్డ్ శాడో మసాచుసెట్స్‌లోని ఒక లగేజీ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్. 1970లో కుటుంబంతో అరుబా దీవి నుంచి తిరిగొస్తూ, రెండు బరువైన పెట్టెలతో కస్టమ్స్ దగ్గర అవస్థ పడుతున్నాడు. అప్పుడే ఒక కార్మికుడు పెద్ద యంత్రాన్ని చక్రాల పలక మీద పెట్టి అవలీలగా తోసుకుపోతూ కనిపించాడు. శాడో బట్టల ట్రంకుకున్న కాస్టర్ చక్రాలు ఊడదీసి సూట్‌కేసుకి బిగించాడు, ఒక పట్టీ కట్టి లాగి చూశాడు. 1972 ఏప్రిల్ 4న పేటెంటు చేతికొచ్చింది. న్యూయార్క్ దుకాణాలు మాత్రం వారాల తరబడి ఆయన్ని వట్టి చేతులతో తిప్పి పంపాయి. మగవాడు పెట్టె మోస్తాడు గానీ చక్రాల మీద ఈడ్చుకెళ్తాడా అన్న ఆలోచన ఆ రోజుల్లో అంత బలంగా ఉండేది. చివరికి మేసీస్ దుకాణం ముందుకొచ్చాకే దారి తెరుచుకుంది.

చక్రమూ పాతదే, సూట్‌కేసూ పాతదే. కొత్తగా వచ్చింది జెట్ విమానాశ్రయం. రైలు ప్రయాణంలో రిక్షా దిగగానే ఎర్రచొక్కా కూలీ పెట్టెను నెత్తికెత్తుకుని బోగీ దాకా చేర్చేవాడు. పెద్ద టెర్మినళ్లు కట్టాక ఆ మనిషి తప్పుకున్నాడు, నడవాల్సిన దూరం పెరిగింది, కాళ్ల కింద నేల నున్నబడింది. శాడో తన పేటెంటులో చెప్పుకున్న కారణం కూడా ఇలాంటిదే. కాకపోతే ఆయన పెట్టెలో ఒక లోపం ఉంది. పొడవాటి సన్నటి పెట్టెను నాలుగు చిన్న చక్రాల మీద నిలబెట్టి మెత్తటి పట్టీతో లాగితే, మలుపు దగ్గర పక్కకి ఒరిగి పడిపోయేది. పట్టీ లాగగలదే కానీ పడిపోకుండా ఆపలేదు. ప్లాత్ పెట్టిన గట్టి హ్యాండిల్ ఆ రెండు పనులూ చేసింది.

ఈ పెట్టె ఒంట్లో విమానం పోలికలు ఇంకా ఉన్నాయి. జర్మనీలో కొలోన్ నగరానికి చెందిన రిమోవా కంపెనీ 1937లో అల్యూమినియం ట్రంకు చేసింది. 1950లో ఆ రేకుకి గాళ్లు పెట్టింది. హ్యూగో యూంకర్స్ లోహ విమానాల ఒంటి మీద ఉన్న ముడతలే దానికి స్ఫూర్తి. పలచటి రేకు చదునుగా ఉంటే ఇట్టే వంగుతుంది. ముడతలు పెడితే బరువు పెద్దగా పెరగకుండానే గట్టిపడుతుంది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెల మీద కనిపించే గీతలూ ముందు ఆ పనికోసం పుట్టినవే. ఇక మెత్తని బ్యాగులకి వాడే బాలిస్టిక్ నైలాన్ రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బంది తొడుక్కున్న కవచాల గుడ్డ. పేలిన గుండ్ల ముక్కలు ఒంట్లో దిగకుండా ఆపడం కోసం దాన్ని నేశారు. ఈ గుడ్డ మీద 1050, 1680 అంటూ డెనియర్ అంకెలు కనిపిస్తాయి. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగేకొద్దీ దారం లావు.

కొలతలూ విమానమే నిర్ణయించింది. మన దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుడి చేతి సామానుకి మామూలు హద్దు 7 కిలోలు, కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. అమెరికా పెద్ద కంపెనీలు 22, 14, 9 అంగుళాలు అంటాయి, సాధారణంగా బరువు తూచవు. 22 అంగుళాలంటే దాదాపు 56 సెంటీమీటర్లు. డాలస్‌లో ఉన్న అబ్బాయి అమ్మానాన్నలకి ప్రేమగా కొనిచ్చిన పెట్టె శంషాబాద్‌లో దేశీయ విమానం ఎక్కేటప్పుడు ఒక సెంటీమీటరు ఎక్కువవుతుంది. దానికన్నా పెద్ద చిక్కు బరువు. తూకం లేని చోట అమ్మే పెట్టె ఖాళీగానే మూడున్నర కిలోలుంటే, మన ఏడు కిలోల్లో సగం పెట్టెకే పోయినట్టు. కాబట్టి మన్నికంటే దిట్టంగా, బరువుగా ఉండటమే అనుకోకూడదు. ఖాళీ పెట్టె రెండున్నర కిలోలు దాటితే నేను మరొకటి చూస్తాను. ఇంకో సంగతి: ఈ కొలతల్లో చక్రాలూ హ్యాండిల్ పిడీ కలిసే ఉంటాయి. దుకాణం చీటీ మీద వేసేది ఒక్కోసారి పెట్టె డొప్ప కొలత మాత్రమే.

ఎక్కువగా తిరిగేవాళ్ల పెట్టెలో డొప్ప కన్నా ముందు పాడయ్యేది చక్రం. ఒక మంచి చక్రాన్ని విప్పి చూస్తే నడుమ ఉక్కు ఇరుసు, దాని చుట్టూ చిన్న బాల్ బేరింగ్, బయట పాలీయూరిథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ టైరు కనిపిస్తాయి. చవక చక్రంలో బేరింగ్ ఉండదు. ప్లాస్టిక్ రంధ్రంలోనే ఇరుసు ఒరుసుకుంటూ తిరుగుతుంది. రాపిడికి రంధ్రం వెడల్పవుతుంది, చక్రం ఊగుతుంది, ఆ ఊపు రంధ్రాన్ని ఇంకా తినేస్తుంది. నేల మీది వెంట్రుకలూ దారాలూ ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుంటే చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది. అప్పుడు టైరు ఒక్కవైపే అరిగి చదునవుతుంది. అప్పుడప్పుడూ ఒక చిన్న కత్తెరతో ఆ దారాలు తీసేస్తే చాలు, చక్రం ఎన్నో ప్రయాణాలు అదనంగా వస్తుంది.

వాడకపోయినా చక్రం చెడుతుంది, చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. పాలీయూరిథేన్‌లో కొన్ని రకాలు గాలిలోని తేమతో చర్య జరిపి, అణువుల గొలుసులు మెల్లగా తెగిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న పెట్టెను దించి లాగితే, టైరు మైసూర్‌పాక్‌లా పొడిపొడిగా రాలుతుంది. లోపలి అస్తరు మీది పూత జిగటగా మారి పొరలూడేదీ ఇదే కారణాన. అందుకే కొత్త పెట్టెను దాచుకోవడం కన్నా వాడుకోవడం మేలు.

రెండు చక్రాలా, నాలుగు చక్రాలా? విమానాశ్రయం లోపల నాలుగు చక్రాల పెట్టె హాయి. పక్కనే నిలువుగా నడిపించుకోవచ్చు, చేతి మీద బరువే పడదు. బయటి సంగతి వేరు. మన బస్టాండ్ల ముందు నేలకి, పగిలిన ఫుట్‌పాత్‌లకి ఆ చిన్న చక్రాలూ వాటిని గిర్రున తిప్పే సన్నటి కాళ్లూ తట్టుకోలేవు. పైగా నాలుగు చక్రాలూ డొప్ప కిందికి పొడుచుకొచ్చి, అనుమతించిన ఎత్తులో నాలుగైదు సెంటీమీటర్లు తినేస్తాయి. రెండు చక్రాలైతే మూలల్లోకి ఒదిగి ఉంటాయి. తరచూ తిరిగేవాళ్లకి నా ఓటు రెండు చక్రాలకే. దానికీ ఒక జబ్బు ఉంది. వేగంగా నడుస్తుంటే ఒక చక్రం దేన్నో తగిలి, పెట్టె కుడీ ఎడమా ఊగడం మొదలై, ఊపు పెరిగి తిరగబడుతుంది. పారిస్ భౌతిక శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన చేసి 2017లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. ఊగగానే మనం ఆగిపోబోతాం కదా, కాస్త వేగం పెంచడమే మేలని వాళ్లు తేల్చారు. లేదా హ్యాండిల్ కిందికి దించి పెట్టెను నేలకి దగ్గర చేయాలి. బరువైన వస్తువులు చక్రాల వైపు సర్దుకుంటే చేతికీ తేలిక.

గట్టి డొప్ప పెట్టెల్లో ఎక్కువగా కనిపించేవి పాలీకార్బనేట్, ఏబీఎస్, పాలీప్రొపిలీన్. పాలీకార్బనేట్‌ను 1953లో జర్మనీ బాయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికా జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారుగా కనుక్కున్నారు. పెట్టెగా అది 2000లో రిమోవా చేతుల మీదుగా వచ్చింది. దెబ్బ తగిలితే లోపలికి సొట్ట పడి మళ్లీ పైకి లేస్తుంది. ఏబీఎస్ చవక, మెరుపు ఎక్కువ, కానీ పదేపదే వంగితే తెల్లటి గీత పడి అక్కడే చిట్లుతుంది. పాలీప్రొపిలీన్ తేలిక, అంత మెరవదు, పగలడం తక్కువ. దుకాణంలో మూత నడుమ అరచేత్తో గట్టిగా నొక్కండి. లొంగి వెనక్కి రావాలి. బిర్రుగా నిలబడితే సంతోషించనక్కర్లేదు.

హ్యాండిల్ గొట్టాలు ఒకదాంట్లో ఒకటి ఎన్ని దూరితే అన్ని అతుకులు, అంత ఊగులాట. లోపల ఒక స్ప్రింగు మేకు రంధ్రంలో పడి గొట్టాన్ని ఆపుతుంది. ఆ రంధ్రం అంచు అరిగితే సగంలో జారిపోతుంది. పూర్తిగా పైకి లాగి, పక్కలకి ఊపి చూస్తే పది సెకన్లలో తెలిసిపోతుంది. జిప్పు మీద 8 లేక 10 అంకె ఉంటే మంచిది, అది మూసినప్పుడు పళ్ల వరుస వెడల్పు, సుమారుగా మిల్లీమీటర్లలో.

పెట్టెలోనే బ్యాటరీ, జాడ చెప్పే పరికరం అమర్చిన స్మార్ట్ పెట్టెలు కొన్నాళ్లు హడావుడి చేశాయి. లిథియం బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదం ఉందని, ఊడదీయలేని బ్యాటరీ ఉన్న పెట్టెలను 2018లో అమెరికా ఎయిర్‌లైన్లు వద్దన్నాయి. ఆ ఏడాదే అలాంటి పెట్టెలు అమ్మే బ్లూస్మార్ట్ కంపెనీ మూతపడింది.

కొనేముందు పెట్టెను తిరగేసి అడుగు చూడండి. చక్రాలు స్క్రూలతో బిగించి ఉంటే విప్పి కొత్తవి వేయొచ్చు. రివెట్లు కొట్టేసి ఉంటే మార్చడం పెద్ద పని. గ్యారంటీ కార్డులో ఎన్ని ఏళ్లు రాసినా, వాడకంలో అరిగిన చక్రం సాధారణంగా దాని కిందికి రాదు. అందుకే దుకాణంలో నేను అడిగే మొదటి ప్రశ్న, ఈ మోడల్ చక్రాలూ హ్యాండిలూ విడిగా దొరుకుతాయా అని. దొరకవంటే ధర ఎంత తగ్గించినా ఆ పెట్టె తీసుకోను.