నగల యంత్రంలో ఏ నీళ్లు పోయాలి?

అల్ట్రాసోనిక్ క్లీనర్ ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు మొదట వచ్చే సందేహం: ఉత్త నీళ్లు పోస్తే చాలదా?

కొంతవరకు చాలు. తొట్టి అడుగున బిగించిన పరికరం సెకనుకు సుమారు 40 వేల సార్లు కంపిస్తుంది. ఆ అదురుకు నీటిలో ఒత్తిడి తగ్గినప్పుడల్లా కంటికి ఆనని బుడగలు పుడతాయి, పెరగగానే చితికిపోతాయి. చితికేటప్పుడు పక్కనున్న మురికిని పెళ్లగిస్తాయి. కానీ నీటికి తలతన్యత ఎక్కువ. జిడ్డు మీద పరుచుకోదు, రాయి కింది సన్న సందులోకి దూరదు. ఊడిన జిడ్డు కూడా మళ్లీ నగకే పట్టుకుంటుంది. సబ్బు కలిస్తే తలతన్యత సగానికి పైగా తగ్గుతుంది, ఊడిన జిడ్డు నీటిలోనే ఉండిపోతుంది.

మరి ఏ సబ్బు? రాళ్లు లేని 22 క్యారెట్ల గొలుసుకు, గాజులకు గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. లీటరు నీటికి అర టీస్పూను. ఎక్కువ పోస్తే నురగ తప్ప లాభం లేదు. బోరు నీళ్లు మాత్రం వద్దు, అందులోని లవణాలు ఆరాక తెల్లమరకలై కూర్చుంటాయి. ఆర్వో నీళ్లో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో మేలు. వేడి 50, 60 డిగ్రీల మధ్య ఉంటే జిడ్డు సులువుగా వదులుతుంది. మరిగే స్థితికి దగ్గరైతే బుడగల్లో ఆవిరి నిండి వాటి దెబ్బలో పస తగ్గుతుంది. అప్పుడే పోసిన నీటిలో కరిగి ఉన్న గాలి కూడా ఇదే పని చేస్తుంది. అందుకే నగ వేయకముందు యంత్రాన్ని ఐదు పది నిమిషాలు ఊరికే నడపాలి.

మన ఇళ్లలో నగలు కడిగింది కుంకుడు రసంతోనే కదా, అదే పోస్తే? పోయొచ్చు. కుంకుడులోని సాపోనిన్లు చేసేదీ సబ్బు పనే. కాకపోతే సరిగ్గా వడగట్టకపోతే గుజ్జు సందుల్లో ఇరుక్కుంటుంది, నురగా ఎక్కువే. కుంకుళ్లు చేత్తో కడుక్కోవడానికే బాగుంటాయని నా అభిప్రాయం.

అసలు చిక్కు రాళ్ల నగలతో. ముత్యం, పగడం ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్ తగిలితే కరుగుతాయి. పోనీ సాత్వికమైన సబ్బే వాడదామన్నా కుదరదు, ముత్యం మీది పొరను ఆ కంపనమే పాడుచేయగలదు. పచ్చల్లో పగుళ్లు కనబడకుండా నూనె పట్టించడం వ్యాపారంలో మామూలే. వేడి సబ్బు నీళ్లు ఆ నూనెను లాగేస్తే నిన్నటిదాకా కనబడని గీతలు బయటపడతాయి. లక్క నింపిన బోలు నగల్లో లక్క వేడికి మెత్తబడుతుంది. కింద రేకు పెట్టి పొదిగిన కుందనంలోకి నీరు చేరితే రాయి మెరుపు పోతుంది. వీటికి ఏ ద్రావణం మంచిదని అడగనే కూడదు. యంత్రంలో వేయకూడదు, అంతే.

వెండి నల్లబడితే? ఆ నలుపు మురికి కాదు, సిల్వర్ సల్ఫైడ్. సబ్బుకు లొంగదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి, అల్యూమినియం ఫాయిల్‌కు ఆనించి ఉంచితే వదులుతుంది. దానికి మామూలు గిన్నె చాలు.

పెట్రోలు, థిన్నరు, స్పిరిట్ ఎంత జిడ్డుకైనా తొట్టిలో పోయకండి. కంపనానికీ వేడికీ ఆవిర్లు లేస్తాయి, ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. బ్లీచింగ్, యాసిడ్ పోస్తే స్టీలు తొట్టికే గుంటలు పడతాయి.

ఇంతా చేశాక కలిపింది సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఫాయిల్ ముక్క ఒకటి పట్టకారుతో నిలువుగా ముంచి ఓ నిమిషం ఉంచండి. ఒళ్లంతా సూదితో పొడిచినట్టు చిల్లులు, గుంటలు పడితే బాగున్నట్టే. పడకపోతే ఇంకాస్త సబ్బు కలపబోకండి. మరికాసేపు ఖాళీగా నడిపి గాలి పోనివ్వండి.